గుంజకు నాలుగడుగులు

గియెమ్‌ను మా ఊళ్ళో అసలు పేరుతో పిలిచేవాళ్ళు రెండే రెండు చోట్ల ఉన్నారు. ఒకటి, పన్ను కట్టమని ఉత్తరాలు రాసే ప్రభుత్వం. రెండోది, రొట్టెల కొట్టు కొలోమా ఇల్లు. మిగతా బినిఫర్దా ఊరంతటికీ అతను పుంజుదొంగ. అలా పిలిచేవాళ్ళకు కోపం లేదు, పలికే అతనికీ లేదు. మా మయోర్కా ద్వీపంలో ప్రతి ఇంటికీ ఒక అడ్డపేరు ఉంటుంది. తాత సంపాదించి పెడితే మనవలు కూర్చుని అనుభవిస్తారు. మా వీధి చివర ఒకాయన వందేళ్ళ కిందట ప్రార్థన మధ్యలో తుమ్మాడు. ఆ ఇంట్లో నిన్న పుట్టిన పాప కూడా తుమ్ములవాళ్ళ పాపే.

గియెమ్ అరవై ఆరేళ్ళ మనిషి. నలభై ఏడేళ్ళు రాతిగోడలు కట్టాడు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి ఒదిగేలా చెక్కి, కొండవాలు మీద ఆలివ్ తోటలు జారిపోకుండా నిలబెట్టే గోడలు. అతను కట్టినవన్నీ వరసగా పేరిస్తే సముద్రం దాటి బార్సిలోనా చేరతాయనీ, అక్కడ ట్రామెక్కి ఇంకో రెండు వీధులు పోతాయనీ రొట్టెల దమియా అనేవాడు. దమియా మాటల్లో సగం తీసేసినా గోడలు ఎక్కువే. ఆ సుత్తి దెబ్బలకు గియెమ్ కుడిచేతి వేళ్ళు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. కాఫీ గ్లాసు వేడిగా ఉందో చల్లారిందో పెదవికి తగిలేదాకా తెలియదు.

ఫిబ్రవరిలో దమియా పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు. యాభై ఏళ్ళు పిండి పీల్చినవాడు. శవపేటికను మోసిన ఆరుగురిలో గియెమ్ ఒకడు. దారి పొడుగునా జనం అతని మొహంకేసి చూశారు, ఏడుస్తాడని. అతను ఎదురుచూశాడు, తనే ఏడుస్తాడేమోనని. ఏమీ రాలేదు. పేటిక బరువు తెలిసింది, ఎడమ బూటులో గులకరాయి తెలిసింది, అంతే. వేళ్ళలోని మొద్దుబారడమేదో అక్కడితో ఆగకుండా మోచేతి మీదుగా పైకి ఎక్కినట్టుంది అనుకున్నాడు. ఆ తర్వాత కూడా రోజూ ఏడింటికి రొట్టెల కొట్టు ముందుకు పోయి నిలబడేవాడు. కొట్టు మూసేశారు. రొట్టెలు పక్క ఊరి నుంచి వ్యానులో వస్తున్నాయి. వ్యాను దగ్గర ఒక రొట్టె కొనుక్కుని, ఇంటికొచ్చి బల్ల మీద పెట్టేవాడు. శనివారం మర్గలీదా వచ్చి చూస్తే ఐదు రొట్టెలు ఎండిపోయి ఉండేవి.

"ఇవేంటి నాన్నా, వీటితో కూడా గోడ కడతావా?" అంది కూతురు.

జూలై చివర్లో తోఫోల్ వచ్చాడు. మా పండగ పరుగుకు పెద్ద ఇతనే. పందెం మొదలు పెట్టేదీ, గెలిచినవాళ్ళ పేర్లు చదివేదీ, గొంతు చించుకునేదీ అంతా తనే.

"ఏం పుంజుదొంగా, బాగున్నావా? ఈసారి దమియా పరుగు నువ్వు చెప్పాలి."

"ఇంకెవరైనా చెప్పొచ్చుగా."

"ఎవరు చెప్తారు? వాడి వెనకే వచ్చినవాడివి నువ్వు. ముందొచ్చినవాడివీ నువ్వే. ఆ గందరగోళం నీకు తప్ప ఎవడికి తెలుసు?"

ఆగస్టు పండగ రోజు పొద్దున పరుగు అవుతుంది, గెలుపుకు కోడిపుంజు బహుమానం. మధ్యాహ్నం ఊరి నడుమ చౌకులో నీడకు తెరచాపలు కట్టి, వాటి కింద బల్లలు వేసి ఊరంతా కలిసి తింటాం. తిండయ్యాక ఎప్పుడైనా ఒక్క పుంజైనా గెలిచినవాళ్ళు ఒక్కొక్కరే లేచి, తాము పరిగెత్తిన పరుగుల్లో మరిచిపోలేని ఘడియ చెప్పాలి. నియమాలు రెండే. నిలబడి చెప్పాలి. అబద్ధం ఎంతైనా కలపొచ్చుగాని గెలిచిన మనిషి పేరు మార్చకూడదు. ఎవరైనా చనిపోతే, ఆ ఏడు పండగలో వాళ్ళ ఘడియను ఆ పరుగులో పక్కనున్నవాళ్ళు చెబుతారు. అప్పుడు ఎలా చెబితే అదే ఖాయం. ఆ తర్వాత ఎవరు చెప్పినా అలాగే చెప్పాలి. అదే మిగులుతుంది.

తోఫోల్ వెళ్ళగానే మర్గలీదా కుర్చీ లాక్కుని తండ్రి ఎదుట కూర్చుంది. ఆమె ఊళ్ళో మందుల కొట్టులో పని చేస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళు.

"దమియా మామయ్య మంచివాడే. నాకు పుట్టినరోజు రొట్టెలు చేసి పెట్టాడు. కాని ఆయన పోయాడు, ఇక బాధపడడు. నువ్వు దొంగతనం చెయ్యలేదని అమ్మ బతికున్నప్పుడు నాతో ఎన్నిసార్లు అందో. 'మీ నాన్న అరిచాడే, నేను విన్నాను' అనేది. నిజం చెప్పు నాన్నా. ఒక్కసారి. 'దగ్గుమందు పుంజుదొంగ కూతుర్నడుగు' అంటారు, తెలుసా? డాక్టరు కూడా అంటాడు."

గియెమ్ ఎండిన రొట్టె మీది పిండిని బొటనవేలితో తుడుస్తూ, "చూద్దాం" అన్నాడు.

జరిగింది వెయ్యిన్నీ తొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో. చౌకు మధ్యలో బెరడు ఒలిచిన దేవదారు మానును గుంజలా పాతేవాళ్ళు. దాని కొసకు అడ్డకర్ర, దానికి కాళ్ళు కట్టిన పుంజులు. ఇప్పుడు జంతువుల మీద దయగలవాళ్ళు ఒప్పుకోరు కాబట్టి పైన రేకు పుంజు, కింద గంపలో అసలు పుంజు. గాలిమర కొండ దగ్గర బయల్దేరి, బాదం తోటల్లోంచి మూడు చుట్లు తిరిగి, రాళ్ళు పరిచిన వీధిలోంచి వచ్చి ఆ గుంజను ముట్టాలి. ముట్టినవాడిదే పుంజు. గుంజకు నాలుగడుగుల ముందు సున్నంతో ఒక గీత ఉంటుంది. అది బడి పంతులు గడియారం పట్టుకుని నిలబడడానికి గీయించినది. దానికీ పుంజుకూ ఏ సంబంధమూ లేదు. మా ఊళ్ళో మూడేళ్ళ పిల్లకు కూడా ఇది తెలుసు.

దమియా ఆ ఏడే సైన్యంలో తప్పనిసరి కొలువు ముగించుకుని సరగోసా నుంచి వచ్చాడు. అక్కడ స్టేడియంలో పరిగెత్తాడట. అడుగున మేకులున్న బూట్లు తెచ్చుకున్నాడు. మిగతావాళ్ళంతా తాళ్ళ చెప్పులతోనో వట్టి కాళ్ళతోనో ఉంటే, వాడు ఆ మేకులతో రాళ్ళ వీధిలో టకటకమని గుర్రంలా నడిచాడు. ముసలాళ్ళు పడీ పడీ నవ్వారు. "లాడాలు కొట్టించుకున్నావా అబ్బీ?" అన్నారు. "పరుగయ్యాక చూడండి" అన్నాడు దమియా.

దమియా సైన్యానికి పోకముందు మూడేళ్ళూ గియెమ్ వాడి వెనకే వచ్చాడు. ఆ రోజూ వెనకే. చివరి వీధిలో పది అడుగుల దూరం. తిత్తివాయిద్యం, డోలు, జనం కేకలు. దమియా సున్నపు గీత దాటాడు, ఛాతీ ముందుకు పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, స్టేడియంలో లాగా. అక్కడే ఆగిపోయాడు. గుంజ నాలుగడుగుల్లో ఉంది.

"గుంజ! ఒరే దమియా, గుంజరా!" అని గియెమ్ అరిచాడు.

దమియా తల తిప్పాడు. కళ్ళు కలిశాయి. పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. కుడిచేత్తో ఒక్క ఊపు ఊపాడు, పో అన్నట్టు. వెనక మూడోవాడి అడుగులు వినిపిస్తున్నాయి. గియెమ్ వాణ్ణి దాటుకుని పోయి గుంజ ముట్టాడు.

అంతే జరిగింది. నాలుగు నిమిషాల్లో ఊరు దాన్ని నలభై నాలుగేళ్ళకు సరిపడా కథ చేసింది. ఆ కథకు పెద్ద మేస్త్రీ దమియాయే. ఆడపిల్లలకు ముద్దులు విసురుతూ నిలబడితే ఈ గియెమ్ గాడు పిల్లిలా వెనకనుంచి వచ్చి పుంజు ఎత్తుకుపోయాడని ఆ మధ్యాహ్నమే చెప్పాడు. పుంజు మొదటి ఏడు రెండున్నర కిలోలు. పెళ్ళినాటికి నాలుగు. కొట్టుకు రెండో పొయ్యి పెట్టేనాటికి ఆరు. ఈ మధ్య ఎనిమిది దాటింది. గియెమ్ చంకలో పోతూ దమియాకేసి చూసి కన్నీళ్ళు పెట్టుకునేది కూడా.

గియెమ్ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. మంచితనం వల్ల అనుకున్నారు. అది కాదు. వాడు విన్నాడని గియెమ్‌కు తెలుసు. విని, నవ్వి, చెయ్యి ఊపి, పుంజును ఇచ్చేశాడు. ప్రతి ఏడూ రెండోవాడిగా వచ్చేవాడికి జాలిపడి పడేశాడు. ఆ మాట బయటపడితే ఊళ్ళో ఏమనేవాళ్ళు? దొంగ అంటే కనీసం ఏదో ఒకటి చేసినవాడు. దానం పుచ్చుకున్నవాడు ఏం చేశాడు? చెయ్యి చాపాడు. కట్టుకున్న భార్యకు కూడా అతను ఆ నవ్వు సంగతి చెప్పలేదు.

జనవరిలో ఆస్పత్రిలో మాత్రం అడిగాడు. ఇద్దరే ఉన్నారు.

"దమియా, ఆ రోజు నేను అరిచింది నీకు వినపడింది కదూ?"

దమియా మొహం మీది ఆక్సిజన్ ముసుగు పక్కకు లాగాడు. "ఎనిమిది కిలోలు, గియెమ్. ఎనిమిది పైనే" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది. నర్సు వచ్చి ముసుగు సరిచేసి, మాట్లాడించొద్దని గియెమ్‌ను బయటికి పంపింది. అవే చివరి మాటలు.

పండగ వచ్చింది. పొద్దున పరుగు అయింది. ఎవరో పొరుగూరి కుర్రాడు గెలిచాడు, గుంజను రెండు చేతులతో వాటేసుకున్నాడు. మధ్యాహ్నం తెరచాపల కింద మూడు వందల మంది. గియెమ్ పళ్ళెంలో అన్నం, కుందేలు మాంసం, పుట్టగొడుగులు. తిన్నాడు. రుచి తెలియలేదు. పక్కవాడు ఉప్పు ఎక్కువైందని తిడుతుంటే, ఎక్కువైందేమో అనుకున్నాడు.

మొదట ప్రశెదిస్ ముసలమ్మ లేచింది. ఎనభై ఒకటి. ఆడవాళ్ళ పరుగు మొదలుపెట్టిన ఏడు చెప్పులు తెగిపోతే ఫాదరుగారి బూట్లు వేసుకుని పరిగెత్తిన ఘడియ చెప్పింది. "బూట్లు దేవుడివి కదా, నన్ను వదల్లేదు. గుంజ దాటి చర్చిలోకి తీసుకెళ్ళిపోయాయి. వెనక్కి ఈడ్చుకొచ్చి ముట్టించారు" అంది. తర్వాత ఒకాయన నోట్లోకి తేనెటీగ దూరితే ఉమ్మకుండా మూడు చుట్లు తిరిగిన సంగతి చెప్పాడు. "నోరు తెరిస్తే అది కుట్టేది. మూసుకుంటే నేను చచ్చేవాణ్ణి. ఇద్దరం ఒప్పందానికి వచ్చాం." మూడో ఆయన పరుగులో తన గాడిద మూడో స్థానంలో వచ్చింది. మూడో బహుమతిగా దానికి రావలసిన కుందేలు ఇప్పించలేదని ఇప్పటికీ ఊరి పెద్దల మీద అలిగి ఉంది.

"ఇప్పుడు దమియా" అన్నాడు తోఫోల్. టోపీ తీశాడు. "చెప్పేది పుంజుదొంగ."

గియెమ్ లేచాడు. ముందు వరసలో నల్లబట్టల్లో కొలోమా ఉంది, దమియా భార్య. రెండు బల్లల అవతల మర్గలీదా, చేతులు ఒడిలో పెట్టుకుని. "నిజం చెప్పు" అన్నట్టు ఆమె గడ్డం కొద్దిగా పైకి లేచింది.

అతను నిజం చెబుదామనే లేచాడు. ఆ మాట మనసులో తయారుగా ఉంది: వాడు విన్నాడు, నాకిచ్చేశాడు. చెబితే తన పేరుకంటిన మచ్చ పోతుంది. దమియా నలభై నాలుగేళ్ళ అబద్ధాలకోరు అవుతాడు, తను బిచ్చగాడు అవుతాడు. ఏది పోతే బాధ అని లోపల వెతికాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు. అన్నీ ఒకే బరువు. అలాంటప్పుడు మేస్త్రీ చెయ్యి దేని మీద పడుతుందో ఆ రాయే తీసి పెడుతుంది.

"నేను దొంగను" అన్నాడు.

ఎక్కడో ఒక చెంచా కింద పడింది.

"వాడు గీత దాటేసరికి నేనింకా గాలిమర దగ్గరున్నాను. ముద్దులు విసరడం మొదలుపెట్టాడు. మొత్తం పదకొండు. ఎనిమిదోది ఎవరికో నాకు తెలుసు, ఆమె ఇక్కడే ఉంది, మొగుడు పక్కనున్నాడు కాబట్టి చెప్పను. నేను చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాను. మునివేళ్ళ మీద నడిచాను. వాడి నీడలో దూరి, నీడ చివరనుంచి బయటికొచ్చి గుంజ ముట్టాను. వాడు తొమ్మిదో ముద్దులో ఉన్నాడు."

నవ్వులు మొదలయ్యాయి. దమియా గొంతు తన నోట్లోంచి వస్తున్నట్టు గియెమ్‌కు వినిపించింది. ఆపలేదు.

"పుంజు బరువు…"

"ఎనిమిది!" అంది చౌకంతా.

"తొమ్మిది. నేను మోసినవాణ్ణి, నాకు తెలీదా? ఇంటికి తీసుకెళ్తే మా అమ్మ తలుపు తియ్యలేదు. దొంగసొత్తు రానివ్వనంది. గోడ పగలగొట్టి లోపలికి తెచ్చాను. అప్పుడే గోడలు కట్టడం నేర్చుకున్నాను." అతను మర్గలీదా బల్లకేసి తిరిగాడు. "ఒక్క మాట. నా కూతురు ఆ తర్వాత ఆరేళ్ళకు పుట్టింది. ఆ పుంజులో ఒక్క ముక్క తినలేదు. దాన్ని మాత్రం దాని పేరుతో పిలవండి."

"ముక్క తినకపోతేనేం, పులుసు తాగిన తండ్రికే కదా పుట్టింది!" అని తోఫోల్ అరిచాడు. తెరచాపలు ఎగిరేలా నవ్వారు. మర్గలీదా తుడుచుకునే గుడ్డను మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో గియెమ్ పోయి చూడలేదు. "దమియా కోసం!" అని గ్లాసులు లేచాయి. అతనూ ఎత్తాడు. వైను చల్లగా ఉంది. అది పెదవికి తెలిసింది.

జనం లేచి చెదిరిపోతుండగా కొలోమా వచ్చి పక్కన కూర్చుంది. బాదం బిళ్ళ ఒకటి అతని ముందు పెట్టింది.

"బాగా చెప్పావు గియెమ్. ఆయనకంటే బాగా చెప్పావు."

"వాడి మాటలే."

"నువ్వు అరిచావు కదా ఆ రోజు. ఎందుకు చెప్పలేదు?"

గియెమ్ బిళ్ళకేసి చూశాడు. "వాడు విన్నాడని నీతో చెప్పాడా?"

"వినక? ఊరంతా వింది. ఆయనా విన్నాడు. కదల్లేకపోయాడు." కొలోమా గొంతు తగ్గించింది. "ఆ బూట్లు. మేకులు రాళ్ళ మీద జారి జారి, గీత దగ్గరికొచ్చేసరికి రెండు పిక్కలూ పట్టేశాయి. అడుగు తీస్తే బోర్లా పడిపోయేవాణ్ణి అన్నాడు. లాడాలని పొద్దున అంతా నవ్వారు కదా. పడితే ఇక జన్మంతా లాడాలవాడే. ముద్దుల కథ అక్కడికక్కడే అల్లాడు. బూట్లు తెచ్చి పొయ్యిలో వేశాడు. రెండు రోజులు రొట్టెలు రబ్బరు వాసన కొట్టాయి, గుర్తుందా? పిండి మంచిది కాదన్నాం."

గియెమ్‌కు ఆ రొట్టెలు గుర్తున్నాయి. "నవ్వాడు కొలోమా. నాకేసి చూసి నవ్వాడు."

"నవ్వేంటి, నొప్పికి పళ్ళు బిగించాడు. పెళ్ళిలో తీసిన బొమ్మ చూడు, చెప్పులు కరిస్తే అలాగే ఉంది మొహం."

"చెయ్యి ఊపాడు. పో అని."

కొలోమా బల్ల మీద రొట్టె ముక్కలను అరచేత్తో ఒక దగ్గరికి చేర్చింది.

"పో అని కాదు. రా, పట్టుకో అని. నాతో చెప్పాడు, ఒక్కసారే. 'రమ్మని పిలిచాను, వాడు దాటిపోయాడు' అన్నాడు. నీ మీద కోపం ఉందా అని అడిగాను. 'నేనైనా దాటేవాణ్ణే, పుంజు కదా' అన్నాడు." ఆమె లేచింది. "ఇది ఎవరికీ చెప్పకు. సిగ్గుతో చచ్చిపోతాడు." అనేసి, తను అన్నది తనకే వినబడి, ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత వెళ్ళిపోయింది.

గియెమ్ కూర్చునే ఉన్నాడు. బల్లలు తీసేవాళ్ళు అతని చుట్టూ తీసుకుంటూ పోయారు. అతని బల్ల ఒక్కటే మిగిలింది. చివరికి అదీ కావాలన్నారు. లేచాడు.

చౌకు మధ్యలో నలుగురు మనుషులు గుంజను పీకడానికి తాళ్ళు కడుతున్నారు. సున్నపు గీత మూడు వందల మంది తొక్కినా ఇంకా కనిపిస్తోంది. గియెమ్ పోయి దాని మీద నిలబడ్డాడు. అక్కడినుంచి గుంజ చాలా దగ్గర. రాళ్ళు కొలిచిన కంటికి తెలుస్తుంది. చెయ్యి చాపిన మనిషిని దాటుకుంటూ పోవాలంటే జనం మధ్య మిగిలే ఆ సందులో భుజానికి భుజం తగలాలి. తగిలే ఉంటుంది. గుర్తు లేదు.

"అడ్డం తప్పుకో పుంజుదొంగా, మీద పడుద్ది" అన్నాడు తాడు పట్టుకున్న తోఫోల్.

"ఆగండి."

"ఏంటి?"

"ఒక్క నిమిషం ఆపండి."

వాళ్ళు తాళ్ళు వదులు చేశారు. గియెమ్ నడిచాడు. పరిగెత్తలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అలవాటుగా కుడిచెయ్యి లేచింది. దాన్ని దించేసి ఎడమచెయ్యి పెట్టాడు. మాను ఎండకు వెచ్చగా ఉంది. ఒక చోట జిగురు కారి వేళ్ళకు అంటుకుంది.

"మళ్ళీ ముట్టాడ్రోయ్! ఇంకో పుంజు కావాలట!" అన్నాడు తోఫోల్. నలుగురూ నవ్వారు.

"నాకు కాదు. దమియా పేరు రాసుకో" అన్నాడు గియెమ్.

తోఫోల్ నవ్వు ఆపి అతన్ని చూశాడు. తర్వాత జేబులోంచి పొద్దుటి కాగితం తీసి, గెలిచినవాళ్ళ పేర్ల కింద ఒక పేరు రాశాడు. గియెమ్ పక్కకు జరిగి, జిగురు అంటిన వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంటూ నిలబడ్డాడు. గుంజ మెల్లగా ఒరిగింది.